ఎస్‌పి-1200లో రెండున్నర సెకన్లు సరిపోవడం లేదు: పాత శాంప్లర్లలో టైమ్ పెంచుకునే దారులు చెప్పండి

తరుణ్_దరువు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి వస్తూ తన ఈ-ము ఎస్‌పి-1200 తెచ్చాడు. బయటి శబ్దాన్ని రికార్డ్ చేసుకుని (శాంపుల్ చేసి) ప్యాడ్ల మీద వాయించే పాత డ్రమ్ మెషీన్ ఇది. కొన్నాళ్లు నా దగ్గరే ఉంటుంది. 12-బిట్ మెషీన్ శబ్దం అంటే నాకు ప్రాణం. ఇన్నాళ్లూ ప్లగిన్లతో సరిపెట్టుకున్నాను, ఇప్పుడు అసలుది చేతిలో ఉంది.

సమస్య ఇది. నా దగ్గర పాత తెలుగు సినిమా పాట ఈపీ (ఏడంగుళాల రికార్డు) ఒకటి ఉంది. పల్లవికి ముందు డ్రమ్స్, బేస్ మాత్రమే వినిపించే బార్ ఒకటి దొరికింది. 84 బీపీఎం (నిమిషానికి 84 బీట్లు). అంటే బార్‌లోని నాలుగు బీట్లకు 2.86 సెకన్లు. మెషీనేమో ఒక్క శబ్దానికి 2.5 సెకన్లు మించి తీసుకోదు. లెక్క చూస్తే సరిగ్గా చివరి అర బీట్ తెగిపోతోంది. మొత్తం మెమరీ కూడా 10 సెకన్లే. ఇందులోనే ఈ బార్, మా ఊళ్లో రికార్డ్ చేసిన దప్పు, ఒక బేస్ నోట్ పెట్టాలి. కుదిరితే తంబురా శ్రుతి కూడా.

దీన్ని వాడినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

సత్యవతి_సర్క్యూట్ (బెంగళూరు)

శాంప్లింగ్ సంగతి తర్వాత. ముందు మెషీన్ వెనక వోల్టేజ్ ఎంతని ఉందో చూడండి. అమెరికా నుంచి వచ్చింది కాబట్టి 110కి పెట్టి ఉంటుంది. మన 230లో నేరుగా పెట్టొద్దు. మంచి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, చవక కన్వర్టర్ వద్దు.

తరుణ్_దరువు

ట్రాన్స్‌ఫార్మర్ అన్నయ్యే కొనిపెట్టాడు మేడమ్. థాంక్స్.

వినైల్_వాసు (విజయవాడ)

తమ్ముడూ, దీనికి అందరూ మొదట చెప్పేది ఒకటే. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ఎల్పీని 45లో తిప్పి శాంపుల్ చేసి, మెషీన్‌లో పిచ్ కిందికి దించడం. 45ని 33⅓తో భాగిస్తే 1.35. పాట అంత వేగంగా లోపలికి పోతుంది కాబట్టి 2.5 సెకన్ల జాగాలో 3.37 సెకన్ల సంగీతం పడుతుంది. 84 బీపీఎం ఏమిటి, 72 బీపీఎం బార్ కూడా మొత్తం వచ్చేస్తుంది.

ఇందులో చాలామంది పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. 1.35 రెట్లు అంటే 5.2 సెమీటోన్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య మెట్టు ఒక సెమీటోన్). ఎస్‌పి పిచ్ సెమీటోన్ మెట్లలో దిగుతుంది. 5 మెట్లు దించితే ఇంకా కొంచెం పైనే ఉండిపోతుంది. మిగతా వాయిద్యాలు పక్కన చేరాక ఆ తేడా చెవికి గుచ్చుకుంటుంది. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 లాంటి టర్న్‌టేబుల్ ఉంటే పిచ్ స్లైడర్‌ని మైనస్ 1.1 శాతం దగ్గర పెట్టు. అప్పుడు సరిగ్గా 5 సెమీటోన్లు అవుతుంది. ఇంకాస్త టైమ్ కావాలంటే ప్లస్ 4.8 దగ్గర పెట్టు, సరిగ్గా 6 సెమీటోన్లు, 3.54 సెకన్లు. 7 సెమీటోన్లకు ప్లస్ 11 కావాలి, ఆ స్లైడర్ 8 దాటదు.

తరుణ్_దరువు

వాసన్నా, చాలా బాగా చెప్పారు. కానీ నాది ఈపీ. లేబుల్ మీద 45 అనే రాసుంది. దాన్ని 45లో తిప్పితే లాభమేముంది?

వినైల్_వాసు

అవును, ఈపీ అన్నావు కదా. మన సినిమా పాటల ఏడంగుళాల రికార్డుల్లో ఎక్కువ 45వే, కొన్ని 33వి కూడా ఉంటాయి. 45ది అయితే 78 స్పీడ్ కావాలి. నాలుగు స్పీడ్‌లున్న పాత ప్లేయర్లు మన ఇళ్లల్లో, పాత సామాన్ల దుకాణాల్లో ఇంకా కనిపిస్తాయి. 78ని 45తో భాగిస్తే 1.73. అప్పుడు 4.33 సెకన్లు పడతాయి. కాకపోతే అది 9.5 సెమీటోన్లు, సరిగ్గా రెండు మెట్ల నడుమ. 9 దించితే నీ బార్ 86.6 బీపీఎంకి వస్తుంది, 10 దించితే 81.7కి. శ్రుతి పావు టోన్ అటో ఇటో ఉంటుంది. డ్రమ్స్ మాత్రమే అయితే పర్వాలేదు, నీ బార్‌లో బేస్ కూడా ఉంది.

క్వీన్స్_కిరణ్ (న్యూయార్క్)

ఈ పద్ధతి పుట్టిన ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి కొంచెం వెనక కథ చెప్తాను.

ఈ-ము వాళ్లది కాలిఫోర్నియాలోని స్కాట్స్ వ్యాలీ. 1985లో ఎస్‌పి-12 తెచ్చారు. అందులో సొంతంగా శాంపుల్ చేసుకోవడానికి ఇచ్చింది 1.2 సెకన్లు. టర్బో వెర్షన్‌లో 5 సెకన్లు అయింది. 1987లో ఎస్‌పి-1200 వచ్చేసరికి 10. వాళ్ల మనసులో ఉన్నది డ్రమ్ మెషీన్. కిక్ ఒకటి, స్నేర్ ఒకటి, సింబల్ ఒకటి. ఒక్కో దెబ్బకు రెండున్నర సెకన్లు అంటే ధారాళం అనుకున్నారు. బార్లకు బార్లు రికార్డుల మీద నుంచి ఎత్తుకుంటారని ఊహించి చేసిన మెషీన్ కాదు అది. అలా వాడింది న్యూయార్క్ కుర్రాళ్లు.

మా క్వీన్స్‌లో పాల్ సి అనే ఇంజనీర్ ఉండేవాడు. 1989లో హత్యకు గురయ్యాడు. హిప్‌హాప్ నిర్మాత లార్జ్ ప్రొఫెసర్‌కి ఎస్‌పి-1200 నేర్పింది ఆయనే. మౌంట్ వెర్నన్ నుంచి వచ్చిన మరో నిర్మాత పీట్ రాక్ ఎస్‌పి పక్కన అకాయ్ ఎస్950 శాంప్లర్ పెట్టుకుని పనిచేశాడు. డ్రమ్స్ ఎస్‌పిలో, పొడుగు ముక్కలు ఎస్950లో. రెంటినీ మిడి (ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదాన్నొకటి నడిపే) కేబుల్‌తో కలిపేవాళ్లు. 90ల మొదట్లో న్యూయార్క్ స్టూడియోల్లో ఆ జంట చాలా మామూలు.

96 బీపీఎంలో నాలుగు బీట్ల బార్ సరిగ్గా 2.5 సెకన్లు. అంతకంటే నెమ్మదైన బార్ ఏదైనా మామూలుగా పట్టదు. అప్పటి హిప్‌హాప్‌లో 90 బీపీఎం దగ్గర పాటలు ఎన్ని ఉన్నాయో నీకే తెలుసు. 45లో తిప్పడం వాళ్లకు రోజువారీ అవసరం. ఆ రికార్డుల్లో మనకు నచ్చే ముదురు, గరుకు శబ్దంలో సగం ఆ అవసరం నుంచే వచ్చింది.

సత్యవతి_సర్క్యూట్

కిరణ్ గారు చివర అన్న గరుకు ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. అది తెలిస్తే తరుణ్‌కు ఎంత వేగం పెంచాలో కూడా తెలుస్తుంది.

ఎస్‌పి-1200 శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) 26.04 కిలోహెర్ట్జ్, మార్చడానికి లేదు. అంటే అది పట్టగలిగే గరిష్ఠ పౌనఃపున్యం 13 కిలోహెర్ట్జ్. మీరు పాటను 1.35 రెట్లు వేగంగా ఎక్కించి, తర్వాత అంతే కిందికి దించితే, అసలు పాట లెక్కలో రేటు 19.3 కిలోహెర్ట్జ్ అయినట్టే. మీకు మిగిలేది 9.6 కిలోహెర్ట్జ్ వరకే. 45 ఈపీని 78లో తిప్పితే రేటు 15, మిగిలేది 7.5. ఇందులో ఉచితంగా వచ్చిందేమీ లేదు. గుడ్డ అంతే ఉన్నప్పుడు పొడుగు పెంచితే పన్నా తగ్గుతుంది. సెకన్లు కొనుక్కుంటున్నారు, దానికి పై స్వరాలు చెల్లిస్తున్నారు. బిట్లు మాత్రం తగ్గవు, 12 అలాగే ఉంటాయి.

రెండోది, పిచ్ దించేటప్పుడు ఈ మెషీన్ మధ్య విలువలు లెక్కకట్టదు. ఉన్న శాంపుల్‌నే అక్కడక్కడా రెండోసారి పలికిస్తుంది. దాంతో ఆ 9.6 పైన అసలు పాటలో లేని కొత్త ధ్వనులు పుడతాయి. మీరంతా గరుకు, మట్టి వాసన అని ఇష్టంగా చెప్పుకునేది దాన్నే. ఔట్‌పుట్ 7, 8లకు ఫిల్టర్ లేదు కాబట్టి అది పూర్తిగా వినిపిస్తుంది. 1, 2లకు ఎస్‌ఎస్‌ఎం2044 ఫిల్టర్ ఉంది, అక్కడ చాలావరకు పోతుంది. 3 నుంచి 6 వరకు మధ్యస్థం.

మూడోది చిన్నది. రికార్డును తప్పు స్పీడ్‌లో తిప్పినప్పుడు ఫోనో ప్రీయాంప్‌లోని ఆర్‌ఐఏఏ సవరణ (రికార్డు మీద మార్చి ఎక్కించిన కింది, పై స్వరాల పాళ్లను తిరిగి సరిచేసేది) ఉండాల్సిన చోట ఉండదు. పిచ్ దించాక మధ్య స్వరాలు పై స్వరాల కంటే ఒకటి, ఒకటిన్నర డెసిబెల్ ముందుకు వస్తాయి. వోకల్ దగ్గర తెలుస్తుంది, డ్రమ్స్ దగ్గర చాలామందికి నచ్చుతుంది.

ఇక తరుణ్ లెక్క. మీకు కావాల్సింది 2.86 సెకన్లు, ఉన్నది 2.5. దానికి 9.5 సెమీటోన్లు ఎందుకు? 3 చాలు. 3 సెమీటోన్లు అంటే 1.189 రెట్లు. మీ బార్ 2.40 సెకన్లకు కుదించుకుపోతుంది, సరిపోయింది. పై స్వరాలు 10.9 కిలోహెర్ట్జ్ వరకు మిగులుతాయి. రికార్డును 45లోనే కంప్యూటర్‌లోకి తీసుకుని, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ మార్చే చోట 1.189 అని కొట్టి, ఆ ఔట్‌పుట్‌ను ఎస్‌పిలోకి పంపండి. అక్కడ 3 మెట్లు దించండి. శ్రుతి, టెంపో రెండూ సరిగ్గా కూర్చుంటాయి. స్పీడ్ మార్చాలి, టెంపో ఒక్కటే మార్చే ఎఫెక్ట్ వాడొద్దు. అది పిచ్‌ను కదపదు, మనకు రెండూ కదలాలి.

వినైల్_వాసు

మేడమ్ లెక్క కాదనలేం. కానీ కంప్యూటర్ మధ్యలో రావడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ లేకుండా చేయాలంటే టేప్ ఉంది. రెండు స్పీడ్‌లున్న క్యాసెట్ ఫోర్‌ట్రాక్ రికార్డర్‌లో సెకనుకు 1⅞ అంగుళాల వేగంతో రికార్డ్ చేసి 3¾తో ప్లే చేస్తే సరిగ్గా రెట్టింపు, 12 సెమీటోన్లు. స్పూల్ మెషీన్‌లో 7½ మీద ఎక్కించి 15 మీద ప్లే చేసినా అంతే. మధ్య మెట్లకు పిచ్ కంట్రోల్ నాబ్ ఉంటుంది, ట్యూనర్ పెట్టి చూసుకోవచ్చు. టేప్ తనవంతు రంగు కూడా వేస్తుంది.

మధు_950 (చెన్నై)

నాది అకాయ్ ఎస్950. మా మెషీన్‌లో ఈ తిరకాసు లేదు, కాబట్టి ఎస్950 ఉన్నవాళ్లు టర్న్‌టేబుల్ వేగంతో కుస్తీ పట్టాల్సిన పనే లేదు. శాంపుల్ చేసే ముందు బ్యాండ్‌విడ్త్ (ఎంత పై స్వరం దాకా పట్టాలో) అడుగుతుంది. 3 కిలోహెర్ట్జ్ నుంచి 19.2 వరకు ఎంతైనా ఇవ్వొచ్చు. దానికి రెండున్నర రెట్లు శాంప్లింగ్ రేటు అవుతుంది. 19.2 ఇస్తే 48 కిలోహెర్ట్జ్, మామూలు 750 కేబీ మెమరీలో 10 సెకన్లకు కాస్త తక్కువ. 4 ఇస్తే రేటు 10 కిలోహెర్ట్జ్, అదే మెమరీలో 47 సెకన్లు. దీనికంటే ముందు 1986లో వచ్చిన ఎస్900లో పైన 40 కిలోహెర్ట్జ్‌తో 11.75 సెకన్లు, అడుగున 7.5 కిలోహెర్ట్జ్‌తో 63 సెకన్లు. అన్నీ ఒకే లెక్క.

నేను ప్రతి శబ్దాన్నీ ముందు ఎక్కువ బ్యాండ్‌విడ్త్‌తో విని, తగ్గించుకుంటూ వస్తాను. తేడా తెలిసిన చోట ఆగి ఒక మెట్టు పైకి వస్తాను. బేస్ గిటార్‌కు 4 చాలాసార్లు సరిపోతుంది. కిక్‌కు బీటర్ తగిలే చప్పుడు ఉండాలి కాబట్టి 6 దాకా కావాలి. హైహ్యాట్‌కు ఎంత ఇచ్చినా చాలదు, కానీ హైహ్యాట్ పొడుగెంత? పావు సెకను. దానికి నిండుగా ఇచ్చేస్తాను. మెమరీ తినేవి పొడుగైన మెత్తటి శబ్దాలే, వాటికి పై స్వరాలు అక్కర్లేదు. ఈ సంగతి తెలిశాక నాకు 750 కేబీ ఎప్పుడూ ఇరుకు అనిపించలేదు.

దీపక్_ఎంపీసీ (హైదరాబాద్)

ఎవరినీ తక్కువ చేయడం కాదు గానీ, నా అభిప్రాయం వేరు. పని జరగాలంటే ఎక్కువ మెమరీ ఉన్న మెషీన్ తీసుకోండి. అకాయ్ వాళ్ల ప్యాడ్ల శాంప్లర్ ఎంపీసీ2000ఎక్స్‌ఎల్ 2 ఎంబీతో వస్తుంది, పాత 72-పిన్ సిమ్ కార్డులు పెట్టి 32 ఎంబీ చేయొచ్చు (ఫోన్ సిమ్ కాదు, కంప్యూటర్ మెమరీ ముక్కలు). 16-బిట్, 44.1లో మోనో ఆరు నిమిషాలకు పైనే. అకాయ్ ఎస్1000 కూడా 32 ఎంబీ వరకు పోతుంది. ఎన్సోనిక్ ఏఎస్ఆర్-10 16 ఎంబీ. నేను లైవ్‌లో వాయిస్తాను. స్టేజ్ మీద సెమీటోన్ లెక్కలు వేసుకుంటూ కూర్చోలేను కదా.

క్వీన్స్_కిరణ్

దీపక్ చెప్పింది లైవ్‌కు వంద శాతం నిజం. కానీ తరుణ్‌కు కావాల్సింది ఆ 12-బిట్ శబ్దం. 16-బిట్ మెషీన్‌లో ఆరు నిమిషాలున్నా అది రాదు.

ఎంపీసీల్లో కూడా మొదటిది చిన్నదే. 1988లో రోజర్ లిన్ డిజైన్ చేసిన ఎంపీసీ60లో 40 కిలోహెర్ట్జ్‌తో 13.1 సెకన్లు, మెమరీ పెంచితే 26.2. అందులోనే ఎన్ని ఆల్బమ్‌లు తయారయ్యాయో.

సత్యవతి_సర్క్యూట్

> పాత 72-పిన్ సిమ్ కార్డులు పెట్టి

ఇది చేయబోయేవాళ్లకు ఒక మాట. పాత కంప్యూటర్లలోంచి పీకిన మెమరీ అన్నీ పనిచేయవు. మీ మోడల్ మాన్యువల్‌లో చెప్పిన రకం, సైజు మాత్రమే కొనండి. కొన్ని మెషీన్లకు రెండేసి జతగా పెట్టాలి. ప్లగ్ తీశాక కాసేపు ఆగి, చేతికి ఎర్త్ పట్టీ కట్టుకుని తెరవండి. ఎస్950, ఎస్1000లకు సిమ్‌లు పట్టవు, అకాయ్ సొంత బోర్డులు కావాలి. ఇప్పుడు వాటి కొత్త నకళ్లు చేసి అమ్ముతున్నవాళ్లున్నారు, పాతవాటి కంటే అవే మేలు.

కీర్తన_చాప్స్ (విశాఖపట్నం)

అందరూ బార్‌ను కుదించడం గురించే మాట్లాడుతున్నారు. తరుణ్ గారూ, ఆ బార్‌ను ఒకే ముక్కగా ఎందుకు తీసుకోవాలి?

మొదటి రెండు బీట్లు ఒక ప్యాడ్‌కి, తర్వాతి రెండు బీట్లు ఇంకో ప్యాడ్‌కి తీసుకోండి. ఒక్కోటి 1.43 సెకన్లు. సీక్వెన్సర్‌లో ఒకటో బీట్ మీద మొదటి ముక్క, మూడో బీట్ మీద రెండో ముక్క. పిచ్ ముట్టుకోనక్కర్లేదు, 13 కిలోహెర్ట్జ్ మొత్తం మీ దగ్గరే ఉంటుంది. పైగా టెంపో రెండు మూడు బీపీఎం అటూ ఇటూ జరపొచ్చు. ఒకే ముక్కగా ఉంటే బార్ చివరికి వచ్చేసరికి డ్రమ్స్ జారిపోవడం తెలుస్తుంది. రెండు ముక్కలుంటే ప్రతి రెండు బీట్లకూ మళ్లీ సర్దుకుంటుంది.

నేనైతే ఇంకా ముందుకు పోతాను. ఆ బార్‌లో కిక్ ఎన్నిసార్లు వస్తుంది, స్నేర్ ఎన్నిసార్లు? రెండు స్నేర్లూ ఒకేలా ఉంటే ఒకటి తీసుకుంటే చాలు. కిక్ 0.3, స్నేర్ 0.4, హ్యాట్ 0.15. సెకను కూడా కాలేదు, మొత్తం బార్ వాయించుకోవచ్చు. మీ సొంత దరువు కూడా వేసుకోవచ్చు. కాకపోతే బేస్ కలిసి ఉన్నప్పుడు కోతలు బేస్ నోట్ మారే చోట పడాలి. లేకపోతే నోట్ మధ్యలో తెగి టక్‌మంటుంది.

ముక్క చివర ఖాళీని కోయడం మరిచిపోవద్దు. స్నేర్ తోక సన్నబడి రికార్డు హిస్ మాత్రమే మిగిలిన చోట ట్రంకేట్ చేసి (కోసేసి), డికే (శబ్దం ఆరిపోవడానికి పట్టే సమయం) కొంచెం తగ్గిస్తే కోసినట్టే తెలియదు. ఒక్కో శబ్దం దగ్గర పదో వంతు సెకను మిగిల్చినా 32 శబ్దాలకు మూడు సెకన్లు. పది సెకన్ల మెషీన్‌లో అది చాలా పెద్ద ఆస్తి.

వినైల్_వాసు

కీర్తనమ్మా, మాట బాగుంది. అయితే ముక్కలు చేసి పేర్చినప్పుడు డ్రమ్మర్ చేతిలో ఉన్న ఊపు పోతుంది. రెండు బీట్ల ముక్క వరకు సరే. ఒక్కో దెబ్బా విడదీస్తే అది నీ దరువు అవుతుంది గానీ ఆయన దరువు కాదు.

కీర్తన_చాప్స్

నిజమే వాసు గారూ. అందుకే నాకు నచ్చుతుంది. ఆయన చేతి శబ్దం తీసుకుని నా దరువు వేస్తాను.

తరుణ్_దరువు

ఇంత సమాచారం ఒకేచోట దొరుకుతుందని అనుకోలేదు. రెండు పద్ధతులూ చేసి విన్నాను. సత్యవతి గారి 3 సెమీటోన్లతో బార్ మొత్తం పట్టింది, కింద బేస్ చిక్కబడింది. కీర్తన గారి రెండు ముక్కల్లో డ్రమ్స్ ఎక్కువ వెలుగుతున్నాయి. ఈ పాటకు నాకు ఆ చిక్కదనమే కావాలి, కాబట్టి 3 సెమీటోన్లే ఉంచుతున్నాను.

ఇప్పుడు దప్పు, తంబురా. దప్పును కూడా ఇలాగే వేగం పెంచి ఎక్కించనా?

కీర్తన_చాప్స్

దప్పుకు వద్దండి. చిటికెన పుల్ల (సన్న పుల్ల) తగిలినప్పుడు వచ్చే ఆ పదును అంతా పై స్వరాల్లోనే ఉంటుంది. వేగం పెంచి దించితే ముందు పోయేది అదే. ఎలాగూ దప్పు దెబ్బ పొట్టిది, పావు సెకను, మహా అయితే మూడో వంతు. మామూలు వేగంలోనే తీసుకోండి. చిర్ర (రెండో చేతి పొట్టి కర్ర) దెబ్బ ఒకటి, చిటికెన పుల్ల దెబ్బ ఒకటి, రెండూ కలిసినది ఒకటి విడివిడిగా ఉంటే చాలు. మెత్తగా కొట్టినది, గట్టిగా కొట్టినది రెండూ పెట్టుకుంటే ఇంకా మంచిది. వాల్యూమ్ తగ్గించినంత మాత్రాన గట్టి దెబ్బ మెత్తటి దెబ్బ అవదు.

మధు_950

తంబురాకు లూప్ ఉంది కదా. మోగుతూ ఉండే శబ్దానికి మొదటి మీటు, ఆ తర్వాత కొంచెం నిలకడ భాగం ఉంటే చాలు, ఆ నిలకడ భాగాన్ని తిప్పుతూ ఉండొచ్చు. కాకపోతే తంబురా మామూలు తీగ వాయిద్యం కాదు. జీవాళి (తీగ కింద పెట్టే దారం) వల్ల స్వరం లోపలే ధ్వనులు కదులుతూ ఉంటాయి. చిన్న లూప్ తిప్పితే ఆ కదలిక చచ్చిపోయి హార్మోనియంలా వినిపిస్తుంది. కనీసం ఒక ఆవృత్తి, నాలుగు తీగలూ మీటేంత కావాలి. అది ఎస్‌పి రెండున్నర సెకన్లలో కష్టం. ఎస్1000లాగా క్రాస్‌ఫేడ్ లూప్ (చివరను మొదటితో మెల్లగా కలిపే లూప్) ఉన్న మెషీన్‌లో హాయిగా వస్తుంది.

క్వీన్స్_కిరణ్

తరుణ్, తంబురాను శాంప్లర్‌లో పెట్టకు. వేరే మెషీన్‌తో ఒకే తాళంలో నడవడానికి ఎస్‌పి-1200కు ఎస్‌ఎమ్‌పీటీఈ సింక్ ఉంది, మిడి క్లాక్ ఉంది. కంప్యూటర్ సీక్వెన్స్‌తో కలిపి నడిపి, తంబురా, గొంతు లాంటివి నేరుగా ట్రాక్ మీద రికార్డ్ చేసుకో. అప్పట్లో 24-ట్రాక్ టేప్‌తో చేసింది అదే. పది సెకన్లను దరువు కోసమే దాచుకున్నారు.

తరుణ్_దరువు

సరే అన్నా, తంబురా బయటికి. ఇప్పుడు నా లెక్క: బార్ 2.40, దప్పు ఐదు దెబ్బలు కలిపి 1.5, అదనంగా ఒక కిక్ 0.3. ఇంకా 5.8 సెకన్లు మిగిలాయి! బేస్ నోట్ ఒకటి పెట్టి ప్యాడ్ల మీద పిచ్ మార్చి వాయించాలనుకుంటున్నాను. దాన్ని ఎంత వేగంగా ఎక్కించొచ్చు? ఏ ఔట్‌పుట్‌కు పంపాలి?

సత్యవతి_సర్క్యూట్

బేస్‌కు ధైర్యంగా ఎక్కువ ఎక్కించవచ్చు, 7 సెమీటోన్లు వేసినా 8.7 కిలోహెర్ట్జ్ మిగులుతుంది. అయితే వాయించేటప్పుడు దానికంటే ఇంకా కింది నోట్లు కావాలా అన్నది ముందే చూసుకోండి. మీ మెలోడీలో అన్నిటికంటే కింది నోట్‌నే శాంపుల్ చేస్తే అక్కడి నుంచి పైకే పోతారు, గరుకు మితిమీరదు. ఔట్‌పుట్ 1 లేదా 2కి పంపండి. బార్‌ను మాత్రం 7లోనో 8లోనో పెట్టండి.

క్వీన్స్_కిరణ్

ఇంకోటి. స్విచ్ ఆపేలోపు డిస్క్‌లో సేవ్ చేసుకో, కరెంటు పోతే ఆ పది సెకన్లూ పోతాయి. పాత ఫ్లాపీలు నమ్మకంగా లేకపోతే యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెట్టుకునే ఫ్లాపీ ఎమ్యులేటర్ దొరుకుతుంది. మీ అన్నయ్యను అడిగి మార్పించు, పాత డ్రైవ్‌ను మాత్రం పారేయకు.